రసీదు లేకుండా

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
నాలుగు చలిగదులు, ఒక బల్ల, ఒక బీరువా.
పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర నేనే.
తేజా అయినా బాడిగ అయినా
రసీదు చూపించందే ఒక్క టిక్కీ గేటు దాటలేదు.
పోయినేడు తుపానులో రసీదు తడిసి
అంకెలు అలుక్కుపోయాయని ఓ రైతు ఏడ్చినా
రెండు రోజులు తిప్పించాను.
ఆ విషయంలో నా పేరు యార్డంతా తెలుసు.

ఆ బీరువా మూడో అరలో, లెడ్జర్ల కింద,
ముదురెరుపు అట్ట పాస్‌పోర్టు ఒకటుంది.
దానికి రసీదు రాయలేదు.

మా చెల్లెలు వకుళ తెచ్చిచ్చింది.
"ఇంట్లో ఉంటే వెతుకుతారన్నయ్యా" అంది.
క్రిస్మస్ సెలవులు, మూడే వారాలని
అతనికి చెప్పి హాలండ్‌లో విమానం ఎక్కింది.
తిరుగు టికెట్టు తేదీ నాడు
పిల్లాణ్ణి పెదకాకాని తీసుకెళ్ళి గుండు చేయించుకొచ్చింది.
ఏం జరిగిందే అంటే
"ఆ ఇంట్లో నా గొంతు నాకే వినపడేది కాదు" అంది.
తక్కిన సగం తను చెప్పలేదు,
నేను అడగలేదు.

వాడి పేరు మిలన్. ఆరేళ్ళు.
నన్ను "ఓమ్" అనేవాడు.
వాళ్ళ భాషలో మేనమామని అలాగే పిలుస్తారట.
పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఓమ్, ఓమ్ అని అరుస్తుంటే
ఎదురింటి పేరిందేవమ్మ
ఈ వయసుకే ఎంత భక్తో అని చెంపలేసుకునేది.

ప్లీడరు మాట ఒకటే.
అక్కడి కోర్టు కాగితం ఇక్కడ వెంటనే చెల్లదు,
వాయిదాలు పడనివ్వండి,
ఏడాది గడిచిందా, పిల్లాడు ఇక్కడివాడే.
నాకు తెలియని సంగతా?
ధర వచ్చేదాకా సరుకుని చలిలో పెట్టడమేగా
మా వ్యాపారం.

మార్చిలో అతనొచ్చాడు, యోరిస్.
గంటసేపు చూపించమంది కోర్టు.
ఇంటికొద్దంది వకుళ. నా ఆఫీసులో కూర్చోబెట్టాను.
కొత్త కాయ దిగుతున్న రోజులు.
ఆ ఘాటుకి అంత పొడుగు మనిషీ
కుర్చీలో ముడుచుకుపోయి దగ్గాడు.
దగ్గో ఏడుపో తేల్చుకునే వీల్లేదు,
ఆ గదిలో అందరి కళ్ళూ ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.
సంచీలోంచి సైకిల్ బెల్లు తీశాడు.
సైకిల్ కాదు, దానికి ఊడదీసిన బెల్లు.
పిల్లాడు బల్ల అంచున ఆనించి మోగించాడు.
వీపున బస్తాలతో వెళ్తున్న హమాలీలు
వెనక్కి చూడకుండానే పక్కకు తప్పుకున్నారు.

వెళ్తూ వెళ్తూ నన్నొకటే అడిగాడు,
ఇంకా గోడవైపు తిరిగే పడుకుంటాడా అని.
నాకొచ్చిన ఇంగ్లీషులో దానికి జవాబుంది,
ఒక్క ముక్క.
మజ్జిగ తాగమన్నాను.

కార్తీకం వచ్చింది.
మొన్న హోంవర్కు చేసుకుంటూ తలెత్తకుండా
"మావయ్యా, రబ్బరివ్వు" అన్నాడు.
వకుళ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.
ఆ పూట సేమ్యా పాయసం.
నేనూ తిన్నాను. బాగుంది.

రాత్రి, లైటు తీసేశాక,
ఒక్కసారి ఓమ్ అనరా అని బతిమాలాను.
నవ్వాడు.
"అది గుళ్ళో కదా అనాలి" అన్నాడు,
గోడవైపు తిరిగాడు.

ఇవాళ బీరువా తీశాను.
లోపల రెండేళ్ళ పిల్లాడి ఫొటో,
ఎవరో పక్కనుంచి పిలిస్తే అటు చూడబోయి ఆగినట్టు.
గడువు వచ్చే మార్చి దాకా.
అందాకా ఏమీ చెయ్యకపోతే చాలు,
ఎవరూ ఏమీ చేసినట్టుండదు.

రసీదు పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.
తేదీ వేశాను.
సరుకు అన్న గడి దగ్గర ఆగాను.
దాని కింద గడి, ఎవరి తరఫున అని.
ఇన్నేళ్ళలో దాన్ని చదవాల్సిన పని పడలేదు,
చెయ్యే నింపేది.

బయట లారీ హారన్ కొడుతోంది.
లేచి వెళ్ళాను.
తేజా, నలభై టిక్కీలు.
కాగితం వెలుతురుకి పట్టి సంతకం సరిచూసి
గేటు తీసి
వదిలిపెట్టాను.